సవరణ: అరగంట వీడియోకు 1.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ కాదు

ఆన్‌లైన్‌లో అరగంట వీడియో చూస్తే 1.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని, అది కారులో ఆరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించడంతో సమానమని మునుపటి వ్యాసంలో ఉన్న వాక్యాన్ని దయచేసి తొలగించి చదువుకోగలరు. ఫ్రాన్స్‌కు చెందిన షిఫ్ట్ ప్రాజెక్ట్ అనే సంస్థ పేరిట 2019లో ప్రచారమైన ఆ అంకెలో డేటా కొలమానాలైన బిట్లను బైట్లుగా లెక్కించిన పొరపాటు దొర్లింది. ఒక బైట్‌కు ఎనిమిది బిట్లు కనుక ఫలితం కూడా ఎనిమిది రెట్లు పెరిగిపోయింది. దానిని ఆ సంస్థే 2020లో సరిదిద్దింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ అదే ఏడాది సవరించి వేసిన లెక్క ప్రకారం గంటసేపు వీడియో చూస్తే వెలువడేది ప్రపంచ సగటున సుమారు 36 గ్రాములు.

ఇందులోనూ సింహభాగం వీడియోల వంటి సమాచారాన్ని భద్రపరచి పంపే కంప్యూటర్ కేంద్రాలైన డేటా సెంటర్లది కాదు, మన ఎదుట వెలిగే తెరది: 50 అంగుళాల టీవీ స్మార్ట్‌ఫోన్ కంటే దాదాపు వంద రెట్లు విద్యుత్తు తీసుకుంటుంది. ఆ విద్యుత్తు బొగ్గు నుంచి వచ్చిందా, నీటి నుంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి ఉద్గారాలు ఎంతో మారతాయి కాబట్టి, అన్ని దేశాలకూ ఒకే అంకెను వర్తింపజేయడం సరికాదని నా అభిప్రాయం.

అయితే డేటా సెంటర్ల విద్యుత్ గిరాకీ పెరుగుతోందని వ్యాసం చేసిన హెచ్చరికలో మార్పు లేదు. 2024లో డేటా సెంటర్లు సుమారు 415 టెరావాట్ అవర్లు, అంటే ప్రపంచ విద్యుత్ వినియోగంలో దాదాపు 1.5 శాతం వాడుకున్నాయని, కృత్రిమ మేధ విస్తరణ వల్ల 2030 నాటికి అది రెట్టింపును మించవచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా వేసింది. ప్రపంచం మొత్తంలో ఈ వాటా చిన్నదిగా కనిపించినా, ఈ భారం కొన్ని చోట్లనే కేంద్రీకృతమవుతోంది: ఐర్లండ్‌లో 2023లో మీటర్ల ద్వారా నమోదైన విద్యుత్తులో 21 శాతం డేటా సెంటర్లకే వెళ్లింది.