క్రూజ్‌లో టిప్పులు తీయించేసుకోమని సలహాలిచ్చే మేధావులకి

ముందే చెప్తున్నా, పెద్ద పోస్టు, ఓపికున్నవాళ్లే చదవండి.

ఇక్కడ డాలస్ వైపు మనవాళ్ల ఏ వాట్సాప్ గ్రూపులోనైనా క్రిస్మస్ సెలవులకి క్రూజ్ (షిప్పులో విహారయాత్ర) బుక్ చేశాం అని పెట్టి చూడండి, మొదట వచ్చే సలహా ఏ పోర్టులో ఏం చూడాలి అని కాదు, పెద్దవాళ్లకి సముద్రం పడుతుందా అని అస్సలు కాదు. "ఎక్కగానే గెస్ట్ సర్వీసెస్ దగ్గరికెళ్లి గ్రాట్యుటీలు తీయించెయ్యండి, నోరు తెరిచి అడిగితే చాలు తీసేస్తారు" అని. గ్రాట్యుటీలంటే సిబ్బందికని షిప్పు కంపెనీ మన బిల్లులో రోజుకింత అని కలిపే టిప్పులు. దాని కింద బొటనవేళ్లు, నవ్వు ఎమోజీలు, "సూపర్ టిప్ బ్రో" అని ఒకాయన. టిప్పు ఎగ్గొట్టడానికి టిప్పు అన్నమాట. నేను కూడా వెళ్లొచ్చేదాకా దీన్ని పెద్దగా పట్టించుకోలేదు కానీ ఇప్పుడు చూస్తుంటే మాత్రం ఒళ్లు మండుతోంది, ఎందుకో చెప్తా.

మేం వెళ్లింది టెక్సాస్ రేవు గాల్వెస్టన్ నుంచి, వెస్టర్న్ కరీబియన్ వైపు, మెక్సికోలో కోజుమెల్, కోస్టా మాయా, హోండురాస్‌లో రోటాన్. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య, మావయ్య. డాలస్ నుంచి ఐ-45 పట్టుకుంటే నేరుగా గాల్వెస్టన్‌లోనే దింపుతుంది, దారిలో పెయిర్‌లాండ్ మీనాక్షి గుడి, అత్తయ్యకి దర్శనం, ప్రయాణానికి శుభారంభం, అంతా బానే ఉంది. ఆఫీసులు మూసేసే సెలవులు, స్కూలు సెలవులు రెండూ కలిసొచ్చే టైమ్ అదే కాబట్టి మనవాళ్లందరం అప్పుడే ఎగబడతాం, ఆ సంగతి షిప్పు కంపెనీలకి మనకంటే బాగా తెలుసు కాబట్టి జనవరి రెండోవారంలో ఉండే రేటుకీ క్రిస్మస్ వారం రేటుకీ పోలికే ఉండదు. ఇంకా బడికెళ్లని పిల్లలున్నవాళ్లు దయచేసి ఈ వారం జోలికి రాకండి. డబ్బులొక్కటే కాదు, షిప్పు నిండా పిల్లలే, స్విమ్మింగ్ పూల్‌లో నీళ్లకంటే పిల్లలే ఎక్కువ కనిపిస్తారు.

ఇంకోటి, యాడ్‌లో కనిపించే రేటు మనిషికి, అదీ గదికి ఇద్దరు చొప్పున లెక్కేసింది. దాని మీద పోర్టు పన్నులు, గాల్వెస్టన్‌లో కారు పార్కింగు, వైఫై, పోర్టుల్లో టూర్లు, కూల్‌డ్రింకులకి వేరే ప్యాకేజీ. ఆ పైన గ్రాట్యుటీలు, ఇప్పుడు చాలా కంపెనీల్లో మామూలు గదులకి మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా ఉన్నాయి, చాలా చోట్ల చిన్నపిల్లలకి కూడా వేస్తారు. ఆరుగురికి ఏడు రాత్రులంటే ఏడెనిమిది వందల డాలర్లు. నాకూ ఆ బిల్లు చూస్తే గుండె గతుక్కుమంది, కాదనను. రేటు ఒకటి చూపించి చివర్లో ఇంకోటి లాగడం మీద నాకూ కోపమే. ఆ కోపం కంపెనీ మీద చూపించాలి కదా, మన పక్క గుడ్డలు మార్చే మనిషి మీద ఎందుకు?

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మా అత్తయ్య గురించి చెప్పాలి.

అత్తయ్యకి తెల్లారుజామున అయిదింటికి మెలకువ వచ్చేస్తుంది, ఇండియాలో అయినా ఇక్కడైనా. మొదటి రోజు పొద్దున నేను వాళ్ల గదికి వెళ్లేసరికి రెండు మంచాల దుప్పట్లు మడత నలగకుండా సర్దేసి ఉన్నాయి, బాత్రూమ్ సింకు తుడిచేసి ఉంది, తడి తువ్వాళ్లు పిండి షవర్ కడ్డీ మీద వరసగా ఆరేసి ఉన్నాయి. ఏంటత్తయ్యా ఇది, వాళ్లొచ్చి చేస్తారు కదా అంటే "పరాయి మనిషి చేత మన పక్కలు సర్దించుకోడమేంటే, బావుండదు" అన్నారు. ఆ తర్వాత మంచం అంచు మీద కూచుని చేతులు ఒళ్లో పెట్టుకుని "ఇంకేం చెయ్యాలి ఇప్పుడు?" అని అడిగారు. నిజంగానే అడిగారు, జోక్ కాదు. కాఫీ పెట్టే పని లేదు, టిఫినుకి ఏం రుబ్బాలి అన్న ఆలోచన లేదు, పాలు పొంగుతాయన్న భయం లేదు. పెళ్లయ్యాక ఆవిడ వంటింట్లోకి వెళ్లకుండా గడిచిన రోజులు కాన్పులకి పుట్టింటికి వెళ్లినప్పుడు తప్ప లేవట. మేం ఆవిణ్ణి అమెరికాలో చాలా చోట్లకి తిప్పాం, నయాగరా చూపించాం, అక్కడ కూడా ఎయిర్‌బీఎన్‌బీ అద్దింట్లో కుక్కరు పెట్టింది ఎవరనుకున్నారు? ఆవిడా, నేనూ. మగవాళ్లు గ్రిల్ దగ్గర నిలబడి ఫోటోలు.

మూడో రోజుకి దుప్పట్లు వదిలేశారు. ఆ తర్వాత పొద్దున్నే పైన అద్దాల వైపు కుర్చీలో కూచుని టీ తాగుతూ సముద్రం వైపు చూస్తూ ఉండేవారు, పిలిస్తే "వస్తాలే పో" అనేవారు. ఆ "వస్తాలే పో" అన్న మాట నేను మా ఇంట్లో మావయ్య నోట, మా ఆయన నోట విన్నాను గానీ అత్తయ్య నోట ఎప్పుడూ వినలేదు. అందుకే క్రూజ్ వర్తా కాదా అని లెక్కలేసేవాళ్లు బఫేలో ఎన్ని ప్లేట్లు లాగించాం అని చూస్తారు, నా లెక్క వేరు.

కానీ ఆ పని ఎవరో చేస్తేనే కదా ఆవిడకి సెలవు దొరికింది. పక్కలు వాటంతటవే సర్దుకోలేదు. మా గదులు చూసే అబ్బాయి ఇండోనేషియా నుంచి, రోజూ సాయంత్రం తువ్వాలుతో ఏదో ఒక జంతువు చేసి పెట్టేవాడు, ఏనుగు, కోతి, మా చిన్నోడు దాన్ని విప్పనిచ్చేవాడు కాదు. రాత్రి భోజనం దగ్గర గోవా అబ్బాయి. మావయ్య హిందీకీ అతని హిందీకీ పొంతన లేకపోయినా ఇద్దరికీ తెగ కుదిరింది. ముందు రోజు రాత్రే చెప్తే ఇండియన్ వెజ్ కూరలు, పప్పు చేయిస్తారు, ఈ అబ్బాయి మేం అడక్కుండానే ఒక చిన్న గిన్నెలో పచ్చిమిరపకాయలు, నిమ్మచెక్క, పెరుగు తెచ్చి మావయ్య ముందు పెట్టేవాడు. అత్తయ్య ప్రతి రాత్రీ అతన్ని తెలుగులోనే "తిన్నావా బాబూ?" అని అడిగేవారు, అతను ఏమర్థమైందో గానీ నవ్వి తలూపేవాడు. క్రిస్మస్ రాత్రి ఎర్ర టోపీ పెట్టుకుని ట్రేలు మోస్తున్నాడు, గోవాలో క్రిస్టియన్ కుటుంబం వాళ్లది. వాళ్ల పండగే, మా బల్ల దగ్గర మోస్తున్నాడు. మళ్లీ పొద్దున్నే చూస్తే బఫేలో గుడ్ల దగ్గర అతనే నిలబడి ఉన్నాడు. ఎప్పుడు పడుకున్నాడో మరి.

వీళ్లకి ఆదివారం ఉండదండీ. ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు, వారంలో ఏడు రోజులూ డ్యూటీ. ఓడ కార్మికుల కోసం 2006లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒప్పందం పెట్టింది, దాని ప్రకారమే రోజుకి 14 గంటల దాకా, వారానికి 72 గంటల దాకా పని చేయించొచ్చు. హద్దే అదన్నమాట.

మావయ్యకి ఒక అలవాటుంది, కనిపించిన బోర్డల్లా చదువుతారు. ఎక్కిన రోజు అందరూ సెల్ఫీల్లో ఉంటే ఈయన ఒక్కరే లైఫ్‌జాకెట్ వీడియో మొత్తం చూసి, ప్రమాదం వస్తే ఎక్కడ గుమిగూడాలో ఆ చోటు వెతుక్కుని చూసొచ్చారు. కోజుమెల్‌లో దిగి వెనక్కి తిరిగి షిప్పు చూసి "ఇదేంటమ్మా, టెక్సాస్‌లో ఎక్కితే వెనకాల నాసావ్ అని రాసుంది?" అన్నారు. అక్కడే ఉంది కిటుకు. నాసావ్ అంటే బహామాస్ రాజధాని. అమెరికా వాళ్లే ఎక్కే షిప్పులకి బహామాస్ జెండానో పనామా జెండానో ఉంటుంది, రిజిస్ట్రేషన్ అక్కడ చేయిస్తారు. 1886 నాటి చట్టం ఒకటుంది, వేరే దేశం జెండా ఉన్న ఓడ అమెరికాలో ఒక రేవులో ఎక్కించుకుని ఇంకో రేవులో దింపకూడదని, అందుకే మెక్సికో లాంటి చోట ఆగి, ఎక్కిన చోటికే తీసుకొచ్చి దింపుతారు. వేరే జెండా కాబట్టి షిప్పు మీద పనిచేసే ఆ కుర్రాళ్లకి అమెరికా కనీస వేతనం వర్తించదు. మనం టెక్సాస్‌లో హోటలుకెళ్తే సర్వర్‌కి ఇరవై శాతం కిక్కురుమనకుండా ఇస్తాం, ఎందుకంటే తెల్లవాళ్లు చూస్తారు, పరువు పోతుంది. షిప్పులో మన దేశం కుర్రాడికి ఇవ్వాల్సొచ్చేసరికి హక్కులు గుర్తొస్తాయి.

"కంపెనీ జీతం ఇవ్వాలి, మనమెందుకు ఇవ్వాలి" అని వాదించేవాళ్లకి, కరెక్టే, ఇవ్వాలి. ఆ జీతాన్ని టికెట్‌లో కలిపేసి ఒక్క రేటే చూపిస్తే నేనే మొదట చప్పట్లు కొడతా. కానీ మీరు టిప్పు తీయించుకున్నాక కంపెనీకి ఉత్తరం రాశారా? లేదు కదా, ఆ డబ్బుతో షిప్పు కాసినోలో బ్లాక్‌జాక్ పేకాట ఆడారు. "మేం నచ్చినవాళ్లకి చేతికిస్తాం" అనే బ్యాచ్ ఇంకోటి. కింద డెక్కులో, అంటే కింది అంతస్తులో, బట్టలుతికేవాళ్లు, ప్లేట్లు కడిగేవాళ్లు మీకు కనపడనే కనపడరు, వాళ్లకి ఏ చేతికిస్తారు? చివరి రోజు గెస్ట్ సర్వీసెస్ దగ్గర లైన్లో నా ముందు ఒక తెలుగు కుటుంబం, ఆయన ఆరుగురి టిప్పులూ తీయించుకుని వెనక్కి తిరిగి నన్ను చూసి "మీరూ అందుకేనా అండీ?" అన్నాడు నవ్వుతూ. కాదండీ, వైఫై బిల్లు తేడా వచ్చింది, దానికొచ్చా అన్నా. ఆయనతోనే వాళ్లమ్మగారు కూడా ఉన్నారు, చక్రాల కుర్చీలో. వారమంతా ఆవిణ్ణి భోజనాల దగ్గర కుర్చీ జరిపి కూచోబెట్టింది ఎవరో ఆయనే ఆలోచించుకోవాలి.

సరే, మిగతా సంగతులు గబగబా చెప్పేస్తా, వెళ్లేవాళ్లకి పనికొస్తాయి.

హెచ్1 ఉద్యోగ వీసా మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయినవాళ్లు ఏ పోర్టులున్నాయో చూసుకుని బుక్ చేసుకోండి. మెక్సికో, కెనడాలకి ముప్పై రోజుల లోపు వెళ్లొస్తే, చెల్లే ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) ఉంటే, పాత స్టాంపుతోనే రానిచ్చే రూలు ఒకటుంది, హోండురాస్‌కీ బహామాస్‌కీ హెచ్1 వాళ్లకి అది వర్తించదు. మాతో రావాల్సిన ఒక కుటుంబం రోటాన్ పేరు చూసి ఆగిపోయింది, రోటాన్ హోండురాస్‌లో ఉందని ట్రావెల్ ఏజెంటు చెప్పనే లేదట. అలాగే క్రూజ్ వెళ్లొస్తే విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి అమెరికాలో ఉండడానికి మళ్లీ కొత్తగా ఆరు నెలలు వస్తాయి అనే ప్రచారం నమ్మకండి.

రైస్ కుక్కరు, కెటిలు, ఇస్త్రీ పెట్టె తీసుకెళ్లకండి, నిప్పు భయం, స్కానింగులో పట్టుకుని చీటీ కట్టి లోపల పెట్టేసి చివరి రోజు ఇస్తారు. ఒకావిడ కుక్కరు కోసం అక్కడే ఏడుపు మొహం పెట్టారు, ఆవిడ భర్త మాత్రం హాయిగా ఐస్‌క్రీమ్ తింటున్నాడు. సీలున్న పచ్చడి సీసా మమ్మల్నయితే ఏమనలేదు, మా ప్రియా గోంగూర మూడో రోజుకే ఖాళీ.

డిసెంబర్లో గాల్వెస్టన్ నుంచి బయల్దేరితే మొదటి రోజూ ఆఖరి రోజూ చలి, గాలి, కాబట్టి స్వెట్టర్లు పెట్టుకోండి. ఉత్తరపు గాలి దిగితే షిప్పు ఊగుతుంది, గది తీసుకునేటప్పుడే కింది డెక్కులో మధ్యలోది తీసుకుంటే పెద్దవాళ్లకి నయం. రోటాన్‌లో వాన, ఆ నెలల్లో అక్కడ వానాకాలమే. కోజుమెల్‌లో మాత్రం షాపుల్లో తిరక్కుండా టాక్సీ మాట్లాడుకుని ద్వీపం మధ్యలో ఉన్న శాన్ హెర్వాసియోకి వెళ్లండి. మాయా వాళ్ల ఇష్‌చెల్ అమ్మవారి క్షేత్రం, కాన్పుల తల్లి, ఒకప్పుడు ఆడవాళ్లు అవతలి ఒడ్డు నుంచి పడవల్లో మొక్కులకి వచ్చేవారట. అత్తయ్య చెప్పులు విప్పేసి నడిచారు. రాళ్ల మీద ఉడుముల్లాంటి ఇగ్వానాలు ఎండ కాచుకుంటుంటే మా చిన్నోడు కదల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు పొగమంచు. శీతాకాలంలో గల్ఫ్ మీది వెచ్చటి తేమగాలి ఒడ్డు దగ్గరి చల్లటి నీళ్ల మీదకి వచ్చి గడ్డకట్టినట్టు కమ్మేస్తుంది, అప్పుడు రేవుకెళ్లే దారి మూసేస్తారు. పొద్దున దిగాల్సినవాళ్లం మధ్యాహ్నం దాటాక దిగాం. అదే రోజు హ్యూస్టన్‌లో ఫ్లైట్లు పెట్టుకున్నవాళ్ల గోల అంతా ఇంతా కాదు, కాబట్టి శీతాకాలంలో దిగిన రోజుకే ఫ్లైటు బుక్ చేసుకోకండి. అత్తయ్య మాత్రం "అయితే మధ్యాహ్నం భోజనం కూడా ఇక్కడేనా?" అని వెలిగిపోతున్న మొహంతో అడిగారు.

ఇప్పుడు మావయ్య అలాస్కా క్రూజ్ అంటున్నారు, మళ్లీ క్రిస్మస్‌కే వెళ్దామని. డిసెంబర్లో అలాస్కాకి ఈ షిప్పులుండవు మావయ్యా, ఏప్రిల్ ఆఖరు నుంచి అక్టోబర్ దాకానే అన్నా. "అయితే మేలో వస్తాంలే, వీసా ఉందిగా" అన్నారు. మా ఆయన మొహం చూడాలి.