బిల్లు అతని పేరు మీద, భయం ఆమెకి: ఫోన్ కంపెనీలు మార్చుకోవాల్సిన రూల్స్

గృహహింస అనగానే పోలీసులు, కోర్టులు గుర్తొస్తాయి, ఫోన్ కంపెనీ మాత్రం ఎవరికీ గుర్తు రాదు. కానీ ఇంట్లోంచి బయటపడాలనుకునే మనిషికి ముందు కావాల్సింది ఫోనే, ఆ ఫోన్ ఉన్న ఫ్యామిలీ ప్లాన్ ఏమో చాలాసార్లు కొట్టేవాడి పేరు మీదే ఉంటుంది. లైన్ ఆపించగలిగేది అతనే, యాప్‌లో ఏ నంబర్‌కి ఎంతసేపు కాల్ వెళ్లిందో చూసేదీ అతనే.

కంపెనీ లెక్కలో కస్టమర్ అంటే అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లు. అందుకే ఆమె కస్టమర్ కేర్‌కి చేసి నా నంబర్ విడదీయండి అంటే "అకౌంట్ హోల్డర్‌తో మాట్లాడించండి మేడం" అంటారు. ఎవరి నుంచి పారిపోతోందో అతని పర్మిషనే తెచ్చుకోమన్నట్టు! మాట్లాడిన ఉద్యోగిని తిట్టి లాభం లేదు, స్క్రీన్ మీద వాళ్లకి వేరే దారి ఉండదు, మారాల్సింది ఆ రూలే.

కొత్త సిమ్ తీసుకోవచ్చు కదా అంటారు. బ్యాంకు ఓటీపీలు, ఉద్యోగం, పిల్లల స్కూలు అన్నీ పాత నంబర్‌తోనే ముడిపడి ఉంటే దాన్ని వదిలేయడం అంత తేలిక కాదు, పైగా అకౌంట్ అతనిది కాబట్టి అతను ఆ నంబర్‌కి డ్యూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఆ ఓటీపీలు అతనికే వెళ్తాయి.

అమెరికాలో 2022 డిసెంబర్‌లో సేఫ్ కనెక్షన్స్ యాక్ట్ వచ్చింది. బాధితురాలు అడిగితే మామూలుగా రెండు పనిదినాల్లో ఆమె లైన్‌ని, ఆమె చూసుకునే పిల్లల లైన్లని విడదీయాలి, ఫైన్ వేయకూడదు, అకౌంట్ హోల్డర్ ఒప్పుకోవాలని షరతు పెట్టకూడదు. హెల్ప్‌లైన్‌లకి చేసిన కాల్స్ కస్టమర్‌కి కనపడే కాల్ లిస్టులో రాకూడదని 2023 నవంబర్‌లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ రూల్స్ కూడా చేసింది. మంచి చట్టమే, కానీ పోలీస్ రిపోర్టో కోర్టు ఆర్డరో డాక్టర్ అఫిడవిట్టో, ఏదో ఒక ఆధారం చూపించాలి. కేసు పెట్టడానికే భయపడే మనిషి ఆ కాగితం ఎక్కడి నుంచి తెస్తుంది? ఆస్ట్రేలియాలో 2025 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన రూల్స్ ఇంకో అడుగు ముందుకేసి, మామూలుగా హింసకి ఆధారం అడగకూడదన్నాయి. నా ఉద్దేశంలో ఇదే కరెక్ట్.

దీన్ని ఎవరైనా వాడుకుని కాంట్రాక్ట్ ఎగ్గొడతారేమో అంటారు, ఎగ్గొడితే కంపెనీకి పోయేది కొంత డబ్బు, నమ్మకపోతే ఆమెకి పోయేది ప్రాణం కావచ్చు. నిజంగా ఆలోచించాల్సిన భయం ఇంకోటి ఉంది, కొట్టేవాడే నేనే బాధితుడిని అని చెప్పి ఆమె లైన్ లాక్కోవచ్చు. అందుకే చెక్ చేయాల్సింది హింస జరిగిందా లేదా అని కాదు, ఆ నంబర్ రోజూ వాడుతున్నది ఎవరని.

విడదీయడం కన్నా గుట్టుగా విడదీయడం కష్టం. "మీ ప్లాన్‌లో మార్పులు జరిగాయి" అని ఆటోమేటిక్ మెసేజ్ ఒకటి అతనికి వెళ్లిపోతే చాలు, వదిలి వెళ్లే సమయమే అన్నిటికన్నా ప్రమాదం అని ఈ రంగంలో పనిచేసేవాళ్లందరూ చెప్తారు. కాబట్టి ఉద్యోగి మొట్టమొదట అడగాల్సింది ఇప్పుడు మాట్లాడటం సేఫేనా, మళ్లీ ఏ నంబర్‌కి ఎన్నింటికి చేయమంటారు అని. అతని యాప్‌లోంచి ఆ లైన్ ఎప్పుడు మాయమవుతుందో ఆమెకి ముందే చెప్పాలి, కొత్త అడ్రస్ పాత అకౌంట్‌లో ఎక్కడా పడకూడదు. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషికి కథంతా మళ్లీ చెప్పించుకోకుండా ట్రైనింగ్ ఉన్న ఒకే టీమ్ చూసుకోవాలి.

ఇంటర్నెట్ వైపు కూడా అంతే, రూటర్ పాస్‌వర్డ్ అతని దగ్గరుంటే ఇంట్లో ఏ ఫోన్ ఎప్పుడు కనెక్ట్ అయిందో తెలిసిపోతుంది, దాన్ని రీసెట్ చేయడానికి ఓపిగ్గా సాయం చేయాలి.

ఇక బాకీలు. బెదిరించి ఆమె పేరు మీద ఫోన్లు, కనెక్షన్లు తీసుకుని బిల్లులు ఎగ్గొట్టేవాళ్లున్నారు, ఆ బాకీ చూపించి ఆమె లైన్ కట్ చేస్తే హెల్ప్‌లైన్‌కి చేసుకునే దారి కూడా పోతుంది. సంగతి తేలేదాకా ఆ లైన్ ఆపకూడదు, వసూలు ఏజెంట్ల చేతికి ఆ ఫైల్ వెళ్లకూడదు.