చుట్టాలు వెళ్లాకే వెళ్లండి
ఇంట్లో ఒకరు ఆత్మహత్య చేసుకుంటే, దినాల దాకా ఇంటినిండా జనముండటమే ఆ కుటుంబానికి పెద్ద ఓదార్పు అని ఒకరు రాశారు. ఒప్పుకోను. అసలు కష్టం పెద్దకర్మ అయ్యి అందరూ బస్సెక్కాక మొదలవుతుంది. ప్రకాశం జిల్లా కొండపి వైపు పొగాకు రైతుల ఇళ్లలో అయితే అప్పులోళ్లూ అప్పుడే గడప తొక్కుతారు. మూడో వారంలో ఒకసారి, సంవత్సరీకం ముందు ఒకసారి వెళ్లండి. ‘మీకు ముందే తెలీలేదా’ అని మాత్రం అడగొద్దు, రాత్రంతా వాళ్లను తినేసేది ఆ ప్రశ్నే. మరణ నమోదుకు తోడెళ్లండి (21 రోజులు దాటితే ఆలస్య రుసుం). పిల్లలకు ‘నాన్న ఊరెళ్లాడు’ అని చెప్పడం ఇంకో పొరపాటు, బడిలో ఎవరో ఒకరు బయటపెడతారు. ఇంట్లో ఎవరైనా ‘నేనూ పోతా’ అంటే, చావాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకుండా, పక్కనే కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయించండి. తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు, డబ్బులు పడవు.