బదిలీ చేయడమైనది

పోయిన నెల మా ఆఫీసు నోటీసు బోర్డు మీద నా పేరు పడింది. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. ఓటరు కార్డులో, రేషన్ కార్డులో, చివరికి నా పెళ్ళిపత్రికలో కూడా దక్కని గౌరవం అది. సంబరంగా ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. చదవడం ఆ తర్వాత.

"సంస్థాగత అవసరాల దృష్ట్యా తమరిని కర్నూలు గోడౌను నుండి ఆదోని బ్రాంచికి బదిలీ చేయడమైనది. తమరి పనివేళలు ఉదయం 7 నుండి 11 వరకు, సాయంత్రం 4 నుండి 8 వరకు నిర్ణయించడమైనది. ఇది తక్షణం అమలులోకి వచ్చును. ఇందుకు తమరి సమ్మతి ఉన్నట్లు భావించడమైనది."

చేయడమైనది, నిర్ణయించడమైనది, భావించడమైనది. మూడు పనులు జరిగిపోయాయి, చేసినవాడు ఒక్కడూ లేడు. కర్త లేనిదే వాక్యం ఉండదని చిన్నప్పుడు మా తెలుగు అయ్యవారు బెత్తం పట్టుకుని మరీ చెప్పేవారు. పాపం, ఆయన ఎప్పుడూ ప్రైవేటు కంపెనీలో పనిచేయలేదు. ఇక్కడ కర్త కనబడడు. క్రియ జరిగిపోతుంది. కర్మ మాత్రం మనది.

దీన్ని చూసి కొందరు సహోద్యోగులు యాజమాన్యాన్ని తిట్టారు. నేను వాళ్ళతో కలవలేదు. వాన పడిందంటే ఎవరు పడేశారని అడుగుతామా? బదిలీ కూడా అంతే, అవుతుంది. గవర్నమెంటు ఉద్యోగులకైతే దానికో సీజను ఉంటుంది. నిషేధం ఎత్తేస్తారు, కౌన్సెలింగ్ పెడతారు, భార్యాభర్తలు ఒకేచోట ఉండాలంటే స్పౌజ్ కేటగిరీ అంటారు, ఎమ్మెల్యే గారి లెటరు ఉండనే ఉంది. మాకు ఆ బాదరబందీ ఏమీ లేదు. ఏడాది పొడుగునా పండే పంట మాది.

అసలు కర్నూలోళ్ళకు బదిలీ గురించి ఒకరు చెప్పాలా? 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా మా ఊరు డ్యూటీలో చేరింది. కట్టడాలు చాలక ఆఫీసులను డేరాల్లో నడిపారు. హైకోర్టుకు గుంటూరు పోస్టింగు ఇచ్చారు. 1956 నవంబరు 1 వచ్చేసరికి రాజధానిని హైదరాబాదుకు బదిలీ చేయడమైనది. మూడేళ్ళ ఒక నెల సర్వీసు, గ్రాట్యుటీకి కూడా రాదు. మా ఊరు కిక్కురుమనలేదు. కొండారెడ్డి బురుజు ఒక్కటే ఇప్పటిదాకా ఉన్నచోటే ఉంది. దాని చేత ఎవరూ సంతకం పెట్టించుకోకపోవడమే కారణమని మా బామ్మర్ది అంటాడు. వాడు ఒక వకీలు దగ్గర గుమాస్తా. వాడి సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఆదోని. కర్నూలు నుంచి ఎమ్మిగనూరు మీదుగా వంద కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. "ఒకే జిల్లా కదా, దీన్ని ట్రాన్స్‌ఫర్ అని కూడా అనకూడదు" అన్నారు మా హెచ్.ఆర్. సారు. ఆయన ఇల్లు ఆఫీసుకు రెండు వీధుల అవతల. ఏడింటికి అక్కడ ఉండాలంటే నేను నాలుగుకల్లా బస్సెక్కాలి. రాత్రి ఎనిమిదికి వదిలితే ఇల్లు చేరేసరికి పదకొండు. మధ్యలో నిద్ర నాలుగు గంటలు. పనిగంటలు మాత్రం ఎనిమిదే, ఒక్క నిమిషం ఎక్కువ లేదు. సారు ఆ మాట మీద గట్టిగా నిలబడ్డారు. "2025లో మన రాష్ట్రమే రోజుకు పది గంటలకు ఒప్పుకుంది. మేము ఎనిమిదే చేయిస్తున్నాం. ఎంత బెనిఫిట్ చూడండి." వారానికి 48 గంటల హద్దు అలాగే ఉందనీ, పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా సాగే మొత్తం కాలానికి కూడా చట్టం ఒక హద్దు పెట్టిందనీ ఆయనకు గుర్తు చేయలేదు. పెద్దవారు.

ఒక్కటి మాత్రం అడిగాను. "సార్, పదకొండు నుంచి నాలుగు దాకా నేను ఎక్కడుండాలి?"

"అది మీ పర్సనల్ టైమ్. అందులో కంపెనీ జోక్యం చేసుకోదు."

నా స్వేచ్ఛ మీద ఇంత గౌరవం ఉన్న సంస్థలో పనిచేస్తున్నానని నాలుగేళ్ళ నాలుగు నెలలుగా నాకు తెలియనే తెలియదు.

ఈ నాలుగేళ్ళ నాలుగు నెలల దగ్గర కొంచెం ఆగాలి. ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ ఇవ్వాలి. కంపెనీ తనంతట తాను నన్ను తీసేస్తే నెల నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. నేనే రాజీనామా చేస్తే మాత్రం ఒక శాలువా, ఒక పూలదండ. దండ కూడా మేమే చందాలు వేసుకుని తెస్తాం. పొమ్మనలేక పొగబెట్టడం అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ కాలంలో పొయ్యిలో పచ్చికట్టెలు పెట్టేవారు, ఇప్పుడు ఏ4 కాగితం చాలు. పొగ పెట్టిన చెయ్యి కనబడదు. బయటికొచ్చేవాడు మాత్రం తన కాళ్ళతో తానే రావాలి. కంపెనీలో ఎన్ని కాగితాలు తిరిగినా కర్త తప్పనిసరిగా ఉండేది ఒక్క రాజీనామాలోనే. "నేను, నా ఇష్టపూర్వకంగా" అని అది మొదలవుతుంది.

ఇదంతా దురుద్దేశంతో చేశారని నేను అనను. బదిలీకి నెల ముందు నాకు ప్రమోషన్ కూడా ఇచ్చారు. బిల్లింగ్ క్లర్కును అసిస్టెంట్ మేనేజర్ని చేశారు. జీతం పెరగలేదు, కుర్చీ మారలేదు, బిల్లులు నేనే కొడుతున్నాను. ఇంట్లో మాత్రం మైసూర్‌పాక్ పంచాం. అందరికంటే పెద్ద ముక్క తిన్న మా బామ్మర్దే కళ్ళు పెద్దవి చేశాడు.

"బావా, నిన్ను ఎక్కించలే. దించినారు."

వాడు చెప్పిందాని ప్రకారం, చట్టం కాపాడేది కార్మికుణ్ణి. మేనేజరు కార్మికుడు కాడు. సూపర్‌వైజరైతే కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ లెక్కన నెలకు 18,000 రూపాయలు దాటితే వాడూ కాడు. "నువ్వు రేప్పొద్దున కొట్లాటకు పోతే, ఈయన మేనేజరు, ఈయనకు ఈ చట్టం వర్తించదు అంటారు. అందుకే నీకు మైసూర్‌పాక్." అయితే కోర్టులు చూసేది పేరును కాదు, చేసే పనిని అని కూడా వాడే చెప్పాడు. బిల్లులు కొట్టేవాడు బిల్లులు కొట్టేవాడే. నా జీవితంలో క్లర్కునని గర్వపడింది ఆ సాయంత్రమే.

తర్వాత ఆర్డరు ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. "స్థలం వేరు, టైము వేరు బావా. రెండిట్నీ ఒకే మూటలో కట్టి ఇచ్చినారు. నువ్వు మూట విప్పల్ల."

స్థలం సంగతి విప్పితే, నా అపాయింట్‌మెంట్ ఆర్డరు బయటికొచ్చింది. "సంస్థకు ఇప్పుడున్న, ఇకముందు ఏర్పడబోయే ఏ శాఖకైనా" అని అందులో ఒక షరతు, కింద నా సంతకం. చేరిన రోజు నేను జీతం లైను ఒక్కటే చదివాను, అది కూడా రెండుసార్లు. ఇకముందు ఏర్పడబోయే అన్న ముక్కకు ఒక కథ ఉంది. ఉత్తరప్రదేశ్‌లో అమ్రోహాలో ఒక చక్కెర మిల్లు ఉండేది. దాని యజమానులు తర్వాత బులంద్‌షహర్‌లో ఇంకో మిల్లు కొని, పాత కార్మికులను అక్కడికి పొమ్మన్నారు. వాళ్ళు పోలేదు, ఉద్యోగాలు ఊడాయి. వాళ్ళు పనిలో చేరినప్పుడు ఆ రెండో మిల్లే మీకు లేదు, ఒప్పందంలో లేనిదే అక్కడికి పంపే హక్కు మీకెక్కడిది అని సుప్రీంకోర్టు 1960లో యజమానులను అడిగింది. గొప్ప తీర్పు. కార్మికులకన్నా కంపెనీల వకీళ్ళు దాన్ని శ్రద్ధగా చదివినట్లున్నారు. మా ఆదోని బ్రాంచి కూడా నేను చేరిన మూడేళ్ళకు పెట్టిందే, కానీ నా సంతకం దానికన్నా ముందే అక్కడికి వెళ్ళి కూర్చుంది.

టైము సంగతి అలా కాదు. పనిగంటలు, విశ్రాంతి వేళలు మార్చాలంటే కార్మికులకు ముందుగా నోటీసు ఇవ్వాలి. ఇచ్చాక 21 రోజుల లోపల మార్చకూడదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఇది 9ఏ సెక్షను. 2025 నవంబరు 21న కొత్త కోడ్ అమల్లోకి వచ్చాక 40వ సెక్షను అయింది. అంటే సెక్షనుకు కూడా బదిలీ తప్పలేదు, కానీ పోతూ పోతూ తన 21 రోజులను వెంట తీసుకెళ్ళింది. నాకన్నా తెలివైనది. అత్యవసరంగా షిఫ్టు మార్చాలన్నా ఉద్యోగుల ఫిర్యాదులు వినే గ్రీవెన్స్ కమిటీతో మాట్లాడి మార్చాలి. మా కంపెనీలో అలాంటి కమిటీ ఉందా అని అడిగితే, ఉందన్నారు. సభ్యులెవరంటే, నియమించడమైనది అన్నారు.

ఇక పాలసీ పేరు చెప్పి కక్షతో బదిలీ చేస్తే అది అన్యాయమైన కార్మిక విధానం. పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. కాకపోతే కక్ష ఉందని రుజువు చేయాల్సింది నేను. చేసినవాడే లేని వాక్యంలో వాడి ఉద్దేశాన్ని ఎక్కడని వెతకను? లేబర్ ఆఫీసులో రాజీ కుదరకపోతే లేబర్ కోర్టుకు పోవచ్చు, అది అనంతపురంలో ఉంది. నూట యాభై కిలోమీటర్లు. వంద కిలోమీటర్ల బాధ చెప్పుకోవడానికి నూట యాభై కిలోమీటర్లు పోవడం న్యాయంగానే ఉంది, బాధకన్నా న్యాయం కొంచెం దూరంగా ఉండాలి కదా.

"అట్లైతే ఆదోనికి పోనే పోను" అన్నాను వీరంగా.

"పోకుంటే అదే వాళ్ళకు కావల్సింది. డ్యూటీకి రాలేదని తీసేస్తారు." 1989లో ఒక విద్యుత్ బోర్డు ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పిందట. బదిలీ మీద స్టే రానంతవరకు వెళ్ళి చేరాల్సిందే, అభ్యంతరం ఉంటే రాసుకోవాలి. "పోయి చేరు. చేరతా చేరతా రాసియ్యి. ఆర్డరు కాపీ మీద సంతకం అడిగితే, అందినది, అంగీకారం కాదు అని రాసి తేదీ ఎయ్యి. ఉత్త సంతకం పెట్టినావో, నేను నీ మొగం చూడను."

అలా నా జీవితంలో మొదటిసారి ఒక అధికారిక పత్రం రాశాను. భాష కోసం వెతుక్కోలేదు, నోటీసు బోర్డు మీద ఉండనే ఉంది. "తమరి ఉత్తర్వు మేరకు ఆదోని బ్రాంచిలో చేరడమైనది. పనివేళల మార్పునకు 21 రోజుల నోటీసు ఇవ్వనందున అభ్యంతరం తెలియజేయడమైనది. 15 రోజులలో జవాబు రానిచో తమరు అంగీకరించినట్లు భావించడమైనది."

హెచ్.ఆర్. సారు దాన్ని నిలబడి చదివారు, కూర్చుని చదివారు, కళ్ళజోడు తీసి చదివారు.

"ఎవరు రాశారు ఇది?"

"రాయడమైనది సార్."

అందినట్లు ముద్ర వేయడానికి రబ్బరు స్టాంపు దొరకలేదన్నారు. ఉద్యోగులు ఇచ్చే కాగితాలను చూస్తే మా ఆఫీసు స్టాంపు ఎటో పోతుంది. స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకున్నాను.

చేరిన రోజు మా అమ్మ మూడింటికే లేచి జొన్నరొట్టెలు కట్టింది. "యాడికి పోతాండావురా నాయనా, కోళ్ళు గూడా లేయలే" అంది. ఆదోని గోడౌను దగ్గర ఏడింటికి హాజరైంది ముగ్గురం. నేను, వాచ్‌మన్, ఒక నల్లకుక్క. మిగిలిన స్టాఫ్ అంతా తొమ్మిదిన్నరకు వచ్చారు. చీలిన పనివేళ నా ఒక్కడికే నిర్ణయించడమైనదని అప్పుడు తెలిసింది. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా కొట్టడానికి బిల్లులు లేవు, సిస్టమ్ పాస్‌వర్డ్ తెలిసినవాడు వచ్చేది తొమ్మిదిన్నరకే. కాబట్టి సంస్థాగత అవసరం ఏదో ఆ కుక్కకే తెలిసి ఉండాలి. నన్ను చూసి ఒక్కసారి కూడా మొరగలేదు.

పదకొండింటికి వదిలితే బయట ఎండ. లాడ్జీ అద్దె రోజూ కట్టుకుంటే జీతంలో సగం పోతుంది. బస్టాండుకు పోయాను. ఉగ్గాని, బజ్జి తిని ఫ్యాను తిరుగుతున్న బెంచీ చూసుకుని కూర్చున్నాను. పక్కన ఒక పెద్దాయన, కాళ్ళ దగ్గర గోనెసంచి.

"ఎన్ని గంటలకు మీ బస్సు?" అన్నాడు.

"నాలుగింటికి."

"యా ఊరికి?"

"ఆఫీసుకు."

ఆయన గోనెసంచిని నెమ్మదిగా అటుపక్కకు జరుపుకున్నాడు.

మూడోరోజుకు ఆ బెంచీ నాదైంది. వారం తిరిగేసరికి టీ కొట్టాయన భోజనానికి పోతూ గల్లాపెట్టె మీద ఒక కన్నేసి ఉంచమనడం మొదలుపెట్టాడు. ఎవరో నన్ను ఎంక్వయిరీ అనుకుని గుంతకల్లు బస్సు ఎప్పుడని అడిగారు. చెప్పాను, టైము సరిగ్గానే చెప్పాను. మాకు పర్సనల్ టైమ్ ఇచ్చేది ఇలాంటి ప్రతిభ బయటపడాలనే కావచ్చు.

నా కాగితానికి పదిహేనో రోజున జవాబు వచ్చింది. ఒక్కటే లైను. "తమరి అభ్యంతరం పరిశీలనలో ఉన్నది." ఎవరి పరిశీలనలో అన్నది అందులోనూ లేదు. మా బామ్మర్ది దాన్ని భద్రంగా ఫైల్లో పెట్టి, లేబర్ ఆఫీసులో ఇవ్వాల్సిన అర్జీ రాస్తున్నాడు. నేను చెప్పానని మొదటి వాక్యం "నేను" అన్న మాటతో మొదలుపెట్టాడు.

ఇది రాస్తున్నది ఆ బెంచీ మీదే. నాలుగు కావడానికి ఇంకా గంటా పది నిమిషాలు. గోనెసంచి పెద్దాయన మళ్ళీ వచ్చాడు, ఈసారి సంచిని నా పక్కనే పెట్టి, చూస్తుండమని చెప్పి నీళ్ళకు పోయాడు.