కమాను మిగిలింది, నీళ్ల దారి ఏది?

వారం రోజులుగా మా కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తిరుగుతోంది. పాత దేవిడీ (నవాబుల కాలంనాటి పెద్ద భవంతి) స్థలంలో టవర్లు కడుతున్న ఒక బిల్డర్ గురించి. హైదరాబాద్ వారసత్వాన్నీ పర్యావరణాన్నీ ప్రభుత్వం కంటే ఇలాంటి బిల్డర్లే బాగా కాపాడుతున్నారని అందులో చెబుతారు. చాలామంది దండం బొమ్మలు పెట్టి మరీ పంపుతున్నారు. నేను ఒప్పుకోలేను.

"దేవిడీ కమానును అలాగే ఉంచారు" అన్నది మొదటి మాట. కమాను ఉంది, నిజమే. దాని వెనక ఉన్న ఇల్లు, వాకిలి, బావి లేవు. మిగిలిన ఆ కమానుకు కూడా కొత్తగా సిమెంటు పూశారు, వీడియోలోనే కనిపిస్తుంది. పాత గోడలు డంగు సున్నంతో కట్టినవి. వాటికి పట్టిన చెమ్మ దానంతటదే ఆరిపోతుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి, గోడ పొడిపొడిగా రాలుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు చేసిన పనుల్లో ముఖ్యమైనది, గత శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచి మళ్లీ సున్నం వేయడమే.

"చట్టం చేయలేనిది వీళ్లు చేశారు." జాబితాలోని పాత కట్టడాలను అనుమతి లేకుండా ముట్టుకోకూడదన్న హుడా (అప్పటి నగరాభివృద్ధి సంస్థ) 13వ నిబంధన ఒకప్పుడు ఉండేది. 2015లో దాన్ని ఎత్తేశారు. 2019లో పాత నవాబు ప్యాలెస్ ఇర్రం మంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కడతామన్నప్పుడు కాపాడింది కోర్టుకెక్కిన పౌరులు, హైకోర్టు తీర్పు.

"చెట్లన్నీ వేరే చోట నాటారు." మర్రి, రావి లాంటివి కొంత తట్టుకుంటాయి. నాటిన రోజు ఫొటో కాదు, మూడో ఎండాకాలం ఫొటో చూపించమనండి.

"గ్రీన్ సర్టిఫికెట్ వచ్చింది, డెబ్భై శాతం ఖాళీ స్థలమే." బ్రోచర్ నాటికి వచ్చే ప్రీ సర్టిఫికెట్ డిజైన్‌ను చూసి ఇచ్చేది. ఇక ఖాళీ స్థలం కింద చాలాచోట్ల రెండు మూడు సెల్లార్లు ఉంటాయి. రాతిని పేల్చి తవ్విన గుంత, దానిమీద శ్లాబు, శ్లాబు మీద అడుగు మట్టి, దానిమీద లాన్. అక్కడ పడిన వాన భూమిలోకి ఎలా ఇంకుతుంది?

నన్ను ఎక్కువగా బాధపెట్టింది చివరి మాట: "చెరువు పక్కనే ఉన్నా ఎఫ్‌టీఎల్ దాటలేదు, బఫర్ వదిలారు." ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, బఫర్ అంటే ఆ హద్దు అవతల ఖాళీగా వదలాల్సిన జాగా. పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. వదిలే ఉండొచ్చు. కానీ మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కాలువ గుండా కింది చెరువుకు చేరాలి. బఫర్ వదిలి, వాగును పైపులో పెట్టి మూసేస్తే చెరువు మిగిలినట్టు కనిపిస్తుంది, నీళ్లు మాత్రం ఇళ్ల మీద పడతాయి. 2020 అక్టోబరులో పల్లెచెరువు తెగినప్పుడు పాతబస్తీ కాలనీలు ఎలా మునిగాయో చూశాం. మా వీధిలోనూ పై లేఅవుట్ వాళ్లు కాలువను ఇరుకు చేశాక రెండేళ్లుగా మోకాలి లోతు నీళ్లు. మబ్బు పడితే టెన్షన్. మా పక్కింటి పెద్దమ్మ బియ్యం బస్తాను మంచం మీదికి ఎక్కిస్తుంది.

ఆ బిల్డర్ పాత గ్రామ నక్షా మీద తన లేఅవుట్ పెట్టి, కాలువ ఎక్కడుండేదో, ఇప్పుడెంత వెడల్పుందో చూపించమనండి. చూపిస్తే ఆ వీడియోను నేనే అందరికీ పంపుతాను.