అమ్మ మూడింటికే లేస్తోంది

తమ్ముడు: ఎన్నాళ్లక్కా ఇలా? రాత్రి ఎనిమిదయ్యేసరికి అమ్మకు కునికిపాట్లు. మూడింటికల్లా లేచి గోడ పట్టుకుని తిరుగుతుంది. డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చాయి, నిద్రనూ మెలకువనూ నడిపే ఒంట్లో గడియారం అరిగిపోయింది. నిద్రమాత్ర వేద్దాం.

అక్క: అరిగిపోయిందని ఎలా అంటావురా? 1999లో అమెరికా నిద్ర శాస్త్రవేత్త చార్లెస్ సైస్లర్ బృందం పొద్దు తెలియని గదుల్లో యువకులనూ వృద్ధులనూ ఉంచి కొలిచింది. ఇద్దరిలోనూ లోపలి గడియారం ఒక చుట్టు తిరగడానికి పట్టిన సమయం దాదాపు 24 గంటల 11 నిమిషాలే.

తమ్ముడు: ముల్లు సరిగ్గా తిరిగితే చాలా? గంట గట్టిగా కొట్టొద్దూ? ముసలి ఎలుకల మెదడులో పిండం నుంచి తీసిన గడియార కణాలను అమర్చితే వాటి లయ మళ్లీ కుదుటపడింది. లోపం గడియారంలోనే ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అక్క: అది కాదనను. ఆ గడియారమంటే మెదడులో రెండు కంటి నరాలూ కలిసే చోటికి కాస్త పైన ఉండే ఇరవై వేల కణాల గుంపు, అది వయసుతో బలహీనపడుతుంది. కానీ దానికి పగలేదో రాత్రేదో చెప్పేది కన్ను. వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, కటకం పసుపుబారి నీలి కాంతిని అడ్డుకుంటుంది. గడియారానికి ముఖ్యంగా కావలసింది ఆ నీలి కాంతే. వినికిడి తగ్గిన మనిషితో మనం గొంతు పెంచి మాట్లాడతాం కదా, ఇక్కడ చేసిందేమిటి? ఆ గదికి మందపాటి తెరలు కట్టాం.

తమ్ముడు: తెరలు తెచ్చింది నేనేనని దెప్పుతున్నావా? ఎండ కళ్లలో పడుతోందని అడిగింది నువ్వే!

అక్క: అడిగాను. పగలంతా మూసి ఉంచమనలేదు.

తమ్ముడు: నెలకోసారి వచ్చేవాణ్ణి, నాకేం తెలుస్తుంది? సరే, ఇది చెప్పు. శుక్లాలు తీయించి ఏడాదైంది. కొత్త కటకం తేటగా ఉంది. మరి ఇంకా మూడింటికే ఎందుకు లేస్తోంది?

అక్క: కటకం మారింది, గది మారలేదు. సాయంత్రం నాలుగింటి నుంచే అమ్మ చీకట్లో కూర్చుంటుంది. సాయంత్రపు వెలుగు గడియారాన్ని వెనక్కి జరిపి నిద్రను ఆలస్యం చేస్తుంది, ఆ వెలుగు అమ్మకు అందడం లేదు. తెల్లవారుజామున పడే వెలుగు గడియారాన్ని ముందుకు తోసి ఇంకా త్వరగా లేపుతుంది. మూడింటికి ట్యూబులైటు వేస్తున్నది ఎవరు? నేనే, పడిపోతుందేమోనన్న భయంతో. ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. ఇక మాత్ర సంగతంటావా, అరవై అయిదు దాటినవారికి మామూలుగా ఇచ్చే నిద్రమాత్రలు వద్దని అమెరికా వృద్ధవైద్య సంఘమే చెబుతోంది. తూలి పడతారు, తుంటి విరుగుతుంది. గోడ పట్టుకుని నడిచే మనిషికి అదా ఇచ్చేది?

తమ్ముడు: అమ్మ నిద్ర గురించే మాట్లాడుతున్నావు. ఆరు నెలలుగా నీకు నిద్ర ఉందా? నీ ఒంట్లోనూ గడియారం ఉంది.

అక్క: …

తమ్ముడు: మాత్ర వద్దు, ఒప్పుకున్నాను. సాయంత్రం పొద్దువాలే దాకా అమ్మను ఆరుబయట కూర్చోబెడదాం. రాత్రి నేలకు దగ్గరగా చిన్న మసక దీపం చాలు. రెండు వారాలు ఆ గదిలో నేను పడుకుంటాను. నువ్వు తలుపేసుకుని నిద్రపో.