సీమ వంటంటే కారమొక్కటేనా? టీవీ వంటల కార్యక్రమాల్లో ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి

టీవీలో రాగి సంగటి చేస్తున్నారంటే నేను పని ఆపుకుని కూర్చుంటాను, దాదాపు ప్రతిసారీ నిరాశే మిగులుతుంది. గిన్నెలో నీళ్లు మరుగుతుంటాయి, అందులో పిండి పోస్తారు, యాంకర్ ఏదో అడుగుతుంది, వెంటనే గుండ్రటి ముద్ద, దాని మీద నెయ్యి, పక్కన నాటుకోడి పులుసు కనిపిస్తాయి. మధ్యలో ఎగరగొట్టేసిందే అసలు వంట. ముందు నూకలు మెత్తగా ఉడకాలి, రాగి పిండిని వెంటనే కలిపేయకుండా కుప్పగా పోసి, సెగ తగ్గించి, మూతపెట్టి, ఆ పిండి ఆవిరికి ఉడికేదాకా ఆగాలి, ఆ తర్వాత గిన్నె కదలకుండా పట్టుకుని కట్టెతో గట్టిగా కెలకాలి. తొందరపడితే ఉండలు కడుతుంది. సరిగా ఉడక్కపోతే పచ్చి వాసన వస్తుంది. తడిచేత్తో ముట్టుకుంటే అంటుకోకూడదు, అప్పుడే అయినట్టు. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో గదిలో ఉండి వండుకునే మా అనంతపురం పిల్లలకు కావాల్సింది ఈ నాలుగు ముక్కలే. వాటిని తీసేసి నవ్వులూ కబుర్లూ ఉంచితే అది వంట నేర్పే కార్యక్రమం ఎట్లా అవుతుంది?

అసలు మన టీవీలో సీమ వంట అనగానే ఒకటే మాట: ఘాటు. సినిమాల్లో సీమ అంటే కత్తులు, టీవీ వంటింట్లో సీమ అంటే కారం, రెండూ ఒక్క చోటి నుంచే వచ్చాయని నా అభిప్రాయం. మేం కారం తినమని కాదు. కడప కారం దోశ మీద పూసే ఎర్రకారం, ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ మాకు ప్రాణం. కానీ అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది, ఆ వానకు పండే కొర్రలు, జొన్నలు, రాగులు, అలసందలు, అనపకాయలు, చెనిక్కాయలు (వేరుశనగ), వీటి చుట్టూ కట్టుకున్న తిండి మాది. పొద్దున్నే ఎండలోకి పోయేవాళ్లకు రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తాగే సద్ది, నీళ్లు లేని చోట నాలుగు రోజులు నిలవుండే పొడులు, చెనిక్కాయల ఊరుబిండి అనే పచ్చడి, పండగకు ఓళిగలు, అంటే బొబ్బట్లు. ఇందులో కారం ఒక ముక్క మాత్రమే, అదే అంతా కాదు. ఆ వాన సంగతి, ఆ పొలం సంగతి చెప్పకుండా వంట మాత్రమే చూపిస్తే చూసేవాళ్లకు మిరపపొడి తప్ప ఇంకేం గుర్తుంటుంది?

నేను ఎవరికైనా సిఫార్సు చేసేది పాతకాలపు పద్ధతినే. 1963లో అమెరికా టీవీలో జూలియా చైల్డ్ మొదలుపెట్టిన ఫ్రెంచి వంటల కార్యక్రమం ముక్కలు ఇప్పుడు నెట్‌లో దొరుకుతాయి, ఒకసారి చూడండి. బంగాళాదుంప అట్టు తిప్పబోతే కొంత పెనం బయట పడిపోయింది. ఆమె దాన్ని తీసి మళ్లీ పెనంలో వేసి, తిప్పేటప్పుడు ధైర్యం ఉండాలని చెప్పి ముందుకు పోయింది. ఆ ముక్క కత్తిరించలేదు. వంట నేర్చుకునేవాళ్ల టెన్షన్ సగం పోయేది అక్కడే. మన దేశంలో 1993లో జీ టీవీలో వచ్చిన ఖానా ఖజానాతో సంజీవ్ కపూర్ ఇంటింటికీ తెలిసిపోయాడంటే కారణం సెట్టు కాదు, కప్పులు, చెంచాల లెక్కతో, నిదానంగా, ఇంటి పొయ్యి మీద అయ్యేట్టు చెప్పడం. తెలుగులో 2015లో ఈటీవీ వంటల కోసమే అభిరుచి అనే ఛానల్ పెట్టింది, అంటే చూసేవాళ్లకు కొదవలేదు. రోజువారీ కూరలు, టిఫిన్లు నేర్చుకోవాలంటే ఇలాంటి ఛానళ్లు పనికొస్తాయి, ఆ మాట ఒప్పుకోవాలి. ఒక్క జాగ్రత్త: ఫలానా మసాలా ప్యాకెట్, ఫలానా నూనె అని పదేపదే కెమెరాకు చూపిస్తూ వండే ఎపిసోడ్ అయితే ఆ కొలతలు ప్యాకెట్ అమ్మడానికి చెప్పినవి కావచ్చు, మీ ఇంటి ధనియాల పొడి వేసుకుని మీ రుచికి సర్దుకోండి.

పోటీల కార్యక్రమాల మీద నాకు అంత కోపం లేదు, కానీ అన్నీ ఒకటి కాదు. 2009లో మొదలైన మాస్టర్‌చెఫ్ ఆస్ట్రేలియాను మన ఇళ్లలో పిల్లలు ఎందుకంత ఇష్టంగా చూస్తారంటే అక్కడ ఏడుపులు, తగాదాల కన్నా వంట ఎక్కువ, జడ్జీలు బాగాలేదని ఊరుకోరు, ఎక్కడ తేడా వచ్చిందో చెప్తారు. 2021 ఫైనల్‌లో బంగ్లాదేశ్ మూలాలున్న కిశ్వర్ చౌధురి వండిన పళ్లెం చూసి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పాంతా భాత్, అంటే మన సద్దన్నం లాంటిదే, పొగ వాసన పట్టించిన అన్నం నీళ్లు, ఆలూ భర్తా, చేపతో పెట్టింది. మూడో స్థానంలో నిలిచింది, అయినా ఆ సీజన్‌లో ఎక్కువమంది మాట్లాడుకుంది ఆ పళ్లెం గురించే. బీదవాళ్ల తిండి అని మనమే దాచుకునేదాన్ని ఆమె అంత పెద్ద వేదిక మీద తలెత్తుకుని పెట్టింది. అదే ఏడాది మన దగ్గర జెమినీలో మాస్టర్‌చెఫ్ తెలుగులోనూ వచ్చింది. మన తెలుగు పోటీల్లో సద్ది సంగటి, ఊరుబిండి ఫైనల్ దాకా వచ్చే రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను. కాకపోతే గడియారం పెట్టి పరుగెత్తించే పోటీలో మన వంట చాలావరకు ఇమడదు, రాత్రంతా పులియాల్సినదాన్ని గంటలో ఎవరు చేయగలరు? అందుకే పోటీలను సరదాకు చూడండి, నేర్చుకోవడానికి మాత్రం కాదు.

చిరుధాన్యాల కార్యక్రమాల దగ్గర మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఏ ఛానల్ తిప్పినా రాగి కేకు, కొర్రల పిజ్జా, జొన్న నూడుల్స్. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక సీమ పల్లెల్లో పళ్లెం మారిపోయింది, కొర్రన్నం వండే చేతులు ఏటేటా తగ్గిపోతున్నాయి, కొర్రబియ్యాన్ని ఎంతసేపు నానబెట్టాలో, ఎసరు ఎంతో తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లను అడిగి చూపించకుండా పిజ్జా ఎందుకు? పైగా ఆరోగ్యం పేరుతో చెప్పే మాటలు ప్రమాదకరం. షుగర్ ఉన్నవాళ్లు రాగులు ఎంతైనా తినొచ్చన్నట్టు మాట్లాడతారు. రాగుల్లో కాల్షియం, పీచు బాగా ఉన్న మాట నిజమే, కానీ 100 గ్రాముల్లో 65 నుంచి 70 గ్రాముల దాకా పిండిపదార్థమే, మెత్తగా ఆడించిన పిండి తొందరగా అరుగుతుంది, సంగటిలో బియ్యపు నూకలు కూడా ఉంటాయి. షుగర్ మనిషి ముద్ద సైజు చూసుకోకపోతే కష్టం. ఆ ఒక్క వాక్యం చెప్పని వంటల కార్యక్రమాన్ని, అందులో తెల్లకోటు వేసుకున్నవాళ్లు కూర్చున్నా సరే, నేను వదిలేయమనే చెప్తాను.

ఇక పల్లెటూరి అవ్వలను, తాతలను చూపించే వీడియోలు. గుంటూరు వైపు మస్తానమ్మ గారు 2018లో చనిపోయేదాకా పొలంలో పొయ్యి పెట్టి వండిన వంటలు లక్షలమంది చూశారు. గోళ్లతో అల్లం గీరి తోలు తీస్తుంటే ఆ చెయ్యి పాఠం చెప్పింది. అటువంటి చెయ్యి మా కర్నూలులో సాయంత్రం రోడ్డు పక్కన జొన్నరొట్టెలు తట్టే ఆడవాళ్లందరికీ ఉంది. జొన్న పిండికి సాగే గుణం ఉండదు కాబట్టి వేడి నీళ్లతో కలపాలి, అప్పటికప్పుడు కలపాలి, అరచేత్తో తడుతూ తిప్పుతూ పెంచాలి, పెనం మీద వేశాక పైన తడి రాయాలి, చిల్లు పడకుండా పొంగించాలి. స్టూడియోలో అయితే గోధుమ పిండి కలిపి కర్రతో రుద్దేస్తారు. ఛానళ్లు ఆ రొట్టెల పొయ్యి దగ్గరికే కెమెరా తీసుకుపోవాలి, మొదటి రొట్టె నుంచి చివరిదాకా కత్తిరించకుండా తీయాలి. తీసినప్పుడు స్టూడియోకొచ్చే చెఫ్‌కు ఇచ్చినట్టే ఆమెకూ డబ్బులివ్వాలి, ఆ సాయంత్రం పోగొట్టుకునే బేరం లెక్కగట్టి ఇవ్వాలి, తెర మీద 'స్థానిక మహిళ' అని కాకుండా ఆమె ఒప్పుకుంటే పేరు, ఊరు వేయాలి.